మణికట్టుపై మూడు వ్రేళ్ళు

వరంగల్లు నగరమున 1959లో కాకతీయ వైద్యకళాశాల వెలసినది. దానికి అనుబంధమైన మహాత్మాగాంధీ స్మారక ఆస్పత్రికి చుట్టుపట్టుల పల్లెలనుండి రోగులు వచ్చుచుందురు. ఇట్టి పెద్ద ఆస్పత్రులలో ఆపరేషను ముగిసి వార్డునకు చేరిన రోగి చెంత ఎక్కువసేపు మెలగునది వైద్యుడు కాదు, నర్సు. మత్తు వదలుచుండగా గాయపు నొప్పికి తోడు డోకు, వాంతి బయలుదేరును. నివారణ ఔషధ మీయనిచో పదిమందిలో సుమారు ముగ్గురికి ఈ బాధ తప్పదు. వాంతి వలన కుట్లు కదలును, ఒడలు నీరసించును.

ఈ సమయమున నర్సు చేతికి అందిన సులభోపాయము ఒకటి కలదు. రోగి మణికట్టు ముడుతకు అతని మూడు వ్రేళ్ళ వెడల్పు దూరమున, ముంజేతి లోపలివైపు, త్రాళ్ళవలె తగులు రెండు స్నాయువుల నడుమ బొటనవ్రేలితో అదిమి పట్టుటయే అది. చీనా వైద్యులు ఆ తావును 'నెయ్‌గ్వాన్', అనగా లోపలి ద్వారము, అందురు. 1986లో బెల్‌ఫాస్టు నగరపు మత్తువైద్యుడు జాన్ డండీ అచ్చట సూది గ్రుచ్చి పరీక్షించి, వాంతులు తగ్గుట గమనించెను. 2015లో కొక్రేన్ సంస్థ 59 పరిశోధనలను, 7,667 మంది రోగుల వివరములను పరిశీలించినది. ఆ తావును సూదితో గాని ఒత్తిడితో గాని ప్రేరేపించిన మేలు కలుగుచున్నదని తేల్చినది. కాని సాక్ష్యము మిక్కిలి గట్టిది కాదనియు పలికినది.

మన సుశ్రుతుడు 107 మర్మస్థానములను పేర్కొనెను. ఇవియు అవియు ఒక్కటియే యని కొందరందురు. అది సరికాదు. సుశ్రుతుని మర్మములు ముఖ్యముగా శస్త్రమునుండి కాపాడవలసిన తావులు. ప్రాచీనత ఒక్కటే చికిత్సకు ప్రమాణము కానేరదు.

కావున నర్సు ఎరుగవలసినది ఎచ్చట ఒత్తవలెనో అను మాట మాత్రమే కాదు. ఎప్పుడు ఒత్తరాదో కూడ. గాయమున్న చేతిని, సెలైను సూది యున్న తావును, వాపు గల అవయవమును అదుమరాదు. వైద్యుని అనుమతి, రోగి సమ్మతి ఉండవలెను. చేసిన పనిని, కలిగిన ఫలితమును చీటిలో వ్రాయవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. కడుపు ఉబ్బి, వాంతులు ఆగకున్నచో అది లోపలి ఉపద్రవమునకు సూచన కావచ్చును. అప్పుడు మణికట్టు పట్టి కూర్చుండుట ప్రాణాపాయము. వెంటనే వైద్యుని పిలువవలెను.

ఒత్తిడి చికిత్స మందునకు తోడు, మారు కాదు. అయినను రోగి చేయి పట్టుకొనిన నర్సు అతని నాడిని, చెమటను, ముఖమునందలి మార్పును దగ్గరనుండి చూడగలదు. ఆ కొద్ది నిమిషముల శ్రద్ధయే పరిచర్యకు ప్రాణము.