జుట్టు కోసం మింగిన మాత్ర

మా పెదనాన్నగారి అబ్బాయికి ఇరవై ఏడేళ్ళు. బట్టతల వస్తోందని రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఎవరో స్నేహితుడు చెప్పాడని, డాక్టరు చీటీ లేకుండానే మందుల షాపులో మాత్రలు కొని రోజుకొకటి మింగడం మొదలెట్టాడు. నెల తిరిగేసరికి పాదాలు పొంగాయి. నాలుగు మెట్లెక్కితే గుండె దడ. ఎండలో తిరిగినందువల్లే అనుకున్నారు ఇంట్లో. సెలవులకి వెళ్ళిన నేను ఆ మాత్రల అట్ట చూశాను. మినాక్సిడిల్, 10 మిల్లీగ్రాములు. అప్పుడు తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం.

మినాక్సిడిల్ పుట్టింది జుట్టు కోసం కాదు, రక్తపు పోటు కోసం. అమెరికాలో అప్‌జాన్ కంపెనీ తయారుచేసిన ఈ మాత్రకి 1979లో అనుమతి వచ్చింది. మింగిన రోగులకి ఒంటిమీద వెంట్రుకలు పెరగడం చూసి, తలకి రాసుకునే ద్రావణం చేశారు. దానికి 1988లో అనుమతి దొరికింది.

ఈ మందు రక్తనాళాల గోడల్లోని కండరాన్ని వదులు చేస్తుంది. నాళాలు వెడల్పవుతాయి, పోటు తగ్గుతుంది. రైతుబిడ్డలకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బోదె వెడల్పు చేస్తే నీటిమట్టం పడిపోతుంది. చివరి మడి తడవాలంటే మోటారు ఎక్కువ తోడాలి. అలాగే గుండె వేగం పెంచుతుంది. మూత్రపిండాలు ఉప్పునీ, నీటినీ వదలకుండా పట్టి ఉంచుతాయి. పాదాల వాపు, బరువు పెరగడం అందువల్లనే. అరుదుగా గుండె చుట్టూ ఉన్న పొరలోనూ నీరు చేరుతుంది. అందుకే రక్తపు పోటుకి ఇది ఇచ్చే డాక్టర్లు గుండె వేగం తగ్గించే మందూ, నీరు లాగే మందూ జతచేస్తారు.

అంతా మోతాదులో ఉంది. రక్తపు పోటుకి సాధారణంగా రోజుకి 10 నుంచి 40 మిల్లీగ్రాములు. జుట్టుకైతే డాక్టర్లు 5 మిల్లీగ్రాములు దాటనివ్వరు. తలకి రాస్తే రక్తంలో చేరేది సగటున నూటికి రెండు పాళ్ళ లోపే. మా అన్నయ్య మింగింది రక్తపు పోటు మోతాదన్నమాట!

ఫినాస్టరైడ్, డ్యుటాస్టరైడ్‌ల దారి వేరు. టెస్టోస్టిరోన్‌ను ఇంకా బలమైన హార్మోనుగా మార్చే ఎంజైముని అవి అడ్డుకుంటాయి. ఆ ఎంజైము కాలేయంలోనూ పనిచేస్తుంది. బ్రిటన్‌లో ప్రోస్టేటు జబ్బుకి ఈ మందులు వాడిన మగవాళ్ళలో మధుమేహం కొంచెం ఎక్కువగా కనిపించిందని 2019లో ఒక పరిశోధన వెలువడింది. వాళ్ళు వయసు మళ్ళినవాళ్ళు. ప్రోస్టేటుకి ఫినాస్టరైడ్ 5 మిల్లీగ్రాములు, జుట్టుకి 1 మాత్రమే. కాబట్టి కుర్రాళ్ళు బెంబేలు పడనక్కరలేదు. కానీ ఇంట్లో చక్కెర జబ్బుంటే ఆ మాట డాక్టరుతో ముందే చెప్పడం మంచిది.

డాక్టరుగారు మాత్ర మాన్పించాక అన్నయ్య వాపు తీసింది. ఇంతా చేసి, వెంట్రుకలు తలకంటే ముందు చెంపల మీద మొలిచాయి!

పురుగుమందు తెస్తే మా నాన్న లేబులు నాచేత చదివించి, మూతతో కొలిచి మరీ పోస్తాడు. మిత్రులారా, పైరుకి చూపే ఆ జాగ్రత్త మన ఒంటికి అక్కరలేదా?