తారురోడ్డు బండికి మట్టిబాట టైరు

జనగామ జిల్లా తరిగొప్పులలో బయలుదేరిన ఎస్‌యూవీ నర్మెట్ట మీదుగా జనగామ చేరేదాకా తారురోడ్డే. అక్కడ 163వ జాతీయ రహదారి అందుకుంటే ఒకవైపు హైదరాబాద్, ఇంకోవైపు హనుమకొండ. 2016కు ముందు జిల్లా పనంటే వరంగల్ పోవాల్సిందే. ఇప్పుడు కలెక్టరేట్ జనగామలోనే ఉంది. ఏ పనికైనా బండి తిరిగేది ఎక్కువగా ఈ రోడ్ల మీదే. ఊరికి తిరిగొచ్చాక పొలం బావి దగ్గరికి వెళ్లే చివరి ఒకటి రెండు కిలోమీటర్లు మాత్రం వేరు. కొంత మొరం పోసిన బాట, కొంత రాళ్లు తేలిన చెల్క. వానాకాలంలో ట్రాక్టర్ చక్రాలు తొక్కిన లోతైన గాడులు. పక్కన కంచెకు వేసిన తుమ్మకంప.

బండితో వచ్చిన టైర్లు అరిగిపోయి కొత్తవి కొనే రోజున ఆ చివరి రెండు కిలోమీటర్లే గుర్తొస్తాయి. అప్పుడే షాపులో ఆల్ టెర్రైన్ టైర్ల ప్రస్తావన వస్తుంది. ఒకప్పుడు ఇవి అడవుల్లో జీపులు నడిపేవారికే తెలిసేవి. 2020లో వచ్చిన కొత్త తరం మహీంద్రా థార్ కొన్ని రకాలకు షోరూమ్‌లోనే ఇలాంటి టైర్లు వేసి ఇచ్చారు. చూడ్డానికి గట్టిగా, పెద్దగా ఉంటాయి కాబట్టి మామూలు ఎస్‌యూవీ ఉన్నవారికీ మనసు పోతుంది. కొనేముందు అవి ఎలా పనిచేస్తాయో తెలిస్తే మంచిది.

ఎస్‌యూవీ టైర్లు ప్రధానంగా మూడు రకాలు. హైవే టెర్రైన్ (హెచ్‌టీ, తారురోడ్డు టైరు), ఆల్ టెర్రైన్ (ఏటీ, రోడ్డుకూ మట్టికీ కలిపి చేసిన టైరు), మడ్ టెర్రైన్ (ఎంటీ, బురద టైరు). మన మాటల్లో చెప్పాలంటే వీటి మధ్య తేడా బటన్ల (టైరు ముఖం మీద ఉబికిన రబ్బరు దిమ్మల) తేడా. హెచ్‌టీలో బటన్లు దగ్గరదగ్గరగా, మధ్య కాలువలు సన్నగా ఉంటాయి. ఏటీలో బటన్లు పెద్దవి, వాటి మధ్య ఖాళీ ఎక్కువ, లోతూ ఎక్కువ. ఎంటీలో ఖాళీ ఇంకా ఎక్కువ. ఎంటీ గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. రోజూ రోడ్డు మీద నడిచే బండికి అది పనికిరాదు.

ఆ ఖాళీ ఎందుకంటే, వదులు మట్టిలో, మొరంలో బటన్ అంచు నేలలోకి దిగి పట్టుకుంటుంది. మధ్యలో చేరిన మట్టిని టైరు తిరుగుతూ బయటికి విసిరేస్తుంది. మట్టి పోతేనే బటన్ అంచు మళ్లీ బయటపడి పని చేస్తుంది. తరిగొప్పుల చుట్టూ ఉన్న ఎర్ర చెల్కలో, మొరంలో ఇది బాగానే సాగుతుంది, ఎందుకంటే ఆ మట్టి జిగట కాదు. నల్లరేగడి అలా కాదు. తడిసిన రేగడి బటన్ల మధ్య పేరుకుని వదలదు. నాలుగైదు చుట్లు తిరిగేసరికి ఏటీ టైరు కూడా నున్నటి మట్టిముద్ద అవుతుంది. కరిగెట చేసిన పొలంలో ఏ కారు టైరూ నిలవదు. ట్రాక్టర్‌కు కేజ్ వీల్స్ వేసేది అందుకే.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. టైరు పట్టు ఎంత ఉన్నా దాన్ని వాడుకునేది ఇంజన్ తిప్పే చక్రాలే. ఈ రోజుల్లో ఎస్‌యూవీలు అని అమ్మే బండ్లలో చాలావాటికి ముందు రెండు చక్రాలే తిరుగుతాయి. వెనకవి ఊరికే దొర్లుతాయి. అలాంటి బండి దిగబడితే కష్టం ముందు చక్రాల దగ్గరే. పోనీ ముందు రెండింటికే ఏటీ వేద్దామంటే అది ప్రమాదం. ముందు ఒక పట్టు, వెనక ఒక పట్టు అయితే తడి మలుపులో బండి అదుపు తప్పి జారవచ్చు. వేస్తే నాలుగింటికీ ఒకటే వేయాలి.

ఇప్పుడు తారురోడ్డు సంగతి. మట్టిలో పనికొచ్చిన ఆ ఖాళీయే ఇక్కడ నష్టం చేస్తుంది. ఒక టైరు రోడ్డును తాకే చోటు అరచేతి కంటే కాస్త పెద్దది, అంతే. అందులో ఖాళీ పెరిగితే తారును తాకే రబ్బరు తగ్గుతుంది. బటన్ పొడవుగా ఉంటే బ్రేక్ వేసినప్పుడు వంగుతుంది. వంగిన బటన్ అడుగు పూర్తిగా రోడ్డుకు ఆనదు. రాళ్లకు తెగకుండా ఉండాలని ఏటీ రబ్బరును సాధారణంగా గట్టిగా చేస్తారు, గట్టి రబ్బరు తడి తారు మీద అంత బాగా అతుక్కోదు. నిలిచిన నీళ్లు లోతుగా ఉన్నచోట పెద్ద కాలువలు నీటిని తోసేస్తాయి, అది నిజమే. కానీ మన వానల్లో ఎక్కువసార్లు రోడ్డు మీద ఉండేది పల్చటి నీటిపొర. దానిమీద పనిచేసేవి హెచ్‌టీ బటన్ల మీద గీసిన సన్నటి చీలికలు.

ఇది ఎంత తేడా తెస్తుందో ఒక లెక్క వేద్దాం. బండి గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తోంది. అంటే సెకనుకు 22 మీటర్లు. తడిరోడ్డు మీద ఒక టైరు ఘర్షణ 0.7, ఇంకోదానిది 0.6 అనుకుందాం. మొదటి బండి బ్రేక్ పట్టాక 36 మీటర్లలో ఆగుతుంది. రెండోది 42 మీటర్లకు ఆగుతుంది. ఆరు మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ మొదటి బండి పూర్తిగా ఆగిన చోటుకు వచ్చేసరికి రెండో బండి ఇంకా గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. ఎదురుగా ఉన్నది గేదెల మంద కావచ్చు, లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ కావచ్చు, పిల్లవాడు కావచ్చు. ఈ అంకెలు ఫలానా కంపెనీ టైరువి కావు, లెక్క అర్థం కావడానికి తీసుకున్నవి. మంచి ఏటీకి, నాసి హెచ్‌టీకి మధ్య తేడా తారుమారు కూడా కావచ్చు. అయినా నాణ్యత ఒకటే అయినప్పుడు తడి తారు మీద హెచ్‌టీదే పైచేయి. నాలుగు వరసల రోడ్డు మీద కార్లకు గంటకు 100 కిలోమీటర్ల దాకా అనుమతి ఉంది. ఆ వేగానికి ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

మిగతా నష్టాలు చిన్నవి, కానీ రోజూ ఉండేవి. టైరు దొర్లేటప్పుడు రబ్బరు నొక్కుకుని మళ్లీ సాగుతుంది. ఆ క్రమంలో కొంత శక్తి వేడిగా పోతుంది. దీన్ని రోలింగ్ రెసిస్టెన్స్ (దొర్లుడుకు అడ్డు) అంటారు. లోతైన బటన్లున్న బరువైన టైరులో ఇది ఎక్కువ, కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది. బటన్లు రోడ్డును కొట్టే మోత క్యాబిన్‌లోకి వస్తుంది. అరిగే కొద్దీ ఆ మోత పెరుగుతుంది. ఐదారు వేల కిలోమీటర్లకోసారి టైర్లను ముందువి వెనక్కి మారుస్తూ ఉండకపోతే బటన్లు మెట్లుమెట్లుగా అరిగి హోరు పెడతాయి.

2022లో కేంద్ర రవాణా శాఖ టైర్లకు తడిరోడ్డు పట్టు, దొర్లుడుకు అడ్డు, శబ్దం అనే మూడింటికీ కనీస ప్రమాణాలు (ఏఐఎస్-142) నోటిఫై చేసింది. అవి కనీసాలు మాత్రమే. రెండు టైర్లలో ఏది మెరుగో అవి చెప్పవు. ఇంధన సామర్థ్య బ్యూరో (బీఈఈ) వారి స్టార్ లేబుల్ కనిపిస్తే అది ముఖ్యంగా ఇంధనం ఆదా గురించి. ఎక్కువ స్టార్లున్నంత మాత్రాన తడిలో బాగా ఆగుతుందని అనుకోకూడదు. టైరు పక్కన కొండ బొమ్మ, అందులో మంచురేకు కనిపిస్తే అది మంచు మీద చేసిన పరీక్షకు గుర్తు. జనగామలో దానికి అదనంగా డబ్బు పెట్టే పనిలేదు.

మరి ఏటీ ఎవరికీ వద్దా? అలా అనను. తరిగొప్పుల వైపు అసలు బాధ బురద కంటే రాయి, ముల్లు. పదునైన గుండురాయి పెచ్చు టైరు పక్కగోడను కోస్తే పంక్చర్ షాపులో అతికించలేరు, టైరు మార్చాల్సిందే. ఇక్కడే కొనేవారు పొరబడతారు. పక్కగోడ బలం బటన్ల రూపాన్ని బట్టి రాదు. లోపలి పొరలను బట్టి వస్తుంది. ఏటీ ముఖంతో ఉండి లోపల మామూలు కారు టైరంత పల్చగా ఉండేవీ దొరుకుతాయి. పరిమాణం ముందు ఎల్‌టీ అని ఉంటే అది లైట్ ట్రక్ (చిన్న లారీ తరగతి) టైరు. పొరలు గట్టివి, కానీ గాలి ఎక్కువ పెట్టాలి, గుంతల్లో ఎత్తేస్తుంది. రాళ్ల బాటలో రోజూ తిరిగేవారు షాపులో బటన్ల కంటే ముందు పక్కగోడ గురించి అడగాలి.

ఒకసారి ఇంట్లో కూర్చుని మీ బండి కిలోమీటర్లు లెక్కపెట్టండి. ఏడాదికి 15,000 తిరుగుతుందనుకుందాం. వారానికి రెండుసార్లు బావి దగ్గరికి, పోనూ రానూ నాలుగు కిలోమీటర్ల చొప్పున, ఏడాదికి 416 కిలోమీటర్లు. మొత్తంలో మూడు శాతం కూడా లేదు. అందులో వానాకాలానిది మూడో వంతు. ఇలాంటి లెక్క వచ్చినవారికి మంచి హెచ్‌టీయే సరిపోతుందని నా అభిప్రాయం. మట్టిబాట వాటా పదిహేను, ఇరవై శాతం దాటితే, రాళ్లు ఎక్కువైతే, బటన్లు మరీ ఎడంగా లేని రకం ఏటీ తీసుకోవచ్చు. భూపాలపల్లి అటవీ గ్రామాల్లో పని మీద తిరిగేవారి లెక్క వేరు. వారికి ఏటీ అవసరమే. మేడారం జాతరకు రెండేళ్లకోసారి పోవడానికి మాత్రం ఏటీ కొననక్కర్లేదు, అక్కడిదాకా తారురోడ్డే ఉంది.

కొన్ని చోట్ల ఏ టైరూ సాయం చేయదు. యాసంగి కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన వడ్లు చిన్న గోలీల్లా టైరు కింద దొర్లుతాయి. అక్కడ వేగం తగ్గించడమే దారి. అంతకంటే పెద్దది వాగు. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వాగులో కారు కొట్టుకుపోయి తండ్రీ కూతురు చనిపోయారు. ఇంటి నుంచి విమానాశ్రయానికి బయలుదేరిన ప్రయాణం అది. ఆ వార్త చదివినవారు మర్చిపోలేరు. ఎస్‌యూవీ ఎత్తుగా ఉంది, టైర్లు గట్టివి అనే ధైర్యంతో వాగులో దింపేవారి కోసం ఈ లెక్క.

బండి అడుగుభాగం సుమారు 4.3 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు అనుకుందాం. నేల నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. నీళ్లు ఆ ఎత్తు దాటాక ఇంకో 10 సెంటీమీటర్లు పెరిగితే బండి దాదాపు 770 లీటర్ల నీటిని పక్కకు తోస్తుంది. అంటే 770 కిలోల బరువును నీళ్లు మోస్తున్నట్టు. ఇంకో 10 సెంటీమీటర్లు పెరిగితే 1,540 కిలోలు. నీళ్లు లోపలికి రాకముందు టన్నున్నర బండి బరువంతా నీళ్ల మీదే ఉంటుంది. అప్పటికి వాగు లోతు 40 సెంటీమీటర్లు, పెద్దవారి మోకాలి కంటే తక్కువ. టైరు పట్టు దానిమీద పడే బరువు నుంచే వస్తుంది. ఆ బరువు పోయాక బటన్లు ఎంత లోతున్నా పట్టు సున్నా. ప్రవాహం పక్క నుంచి ఒక తోపు తోస్తే చాలు.

టైరు రకం తేల్చుకున్నాక షాపులో చూడాల్సినవి కొన్ని మిగులుతాయి. పరిమాణం మార్చొద్దు. 215/60 ఆర్17 అంటే వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ 17 అంగుళాలు. దాని బదులు ఎత్తు కోసం 215/65 వేస్తే టైరు చుట్టు మూడు శాతం పెరుగుతుంది. మీటరు 100 చూపించినప్పుడు బండి 103లో పోతుంది. అంత చేసినా నేల నుంచి పెరిగే ఎత్తు 11 మిల్లీమీటర్లే. ఆ అంకెల తర్వాత వచ్చే 96హెచ్ లాంటి గుర్తులో 96 అంటే ఒక్కో టైరు 710 కిలోలు మోస్తుందని, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. కంపెనీ ఇచ్చిన అంకె కంటే తక్కువది తీసుకోకూడదు. పక్కగోడ మీద చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. 2324 అంటే 2024లో 23వ వారం. తగ్గింపు ధర చెప్పినప్పుడు ముందు ఆ అంకె చదవండి.

గాలి డ్రైవర్ తలుపు దగ్గరి పట్టీలో రాసినంతే పెట్టించాలి, అదీ టైరు చల్లగా ఉన్నప్పుడు. మే నెల ఎండలో హైవే మీద పగిలే టైర్లలో గాలి తక్కువై వేడెక్కినవి చాలా ఉంటాయి. బండి మెత్తటి మట్టిలో దిగబడితే గాలిని 20 పాయింట్లకు (పీఎస్‌ఐ) దించితే టైరు నేలను ఎక్కువ మేర తాకి పైకి రావచ్చు. ఆ ఒక్క పనికే కొందరికి ఏటీ అవసరం లేకుండా పోతుంది. పైకి వచ్చాక మెల్లగా నడిపి, హైవే ఎక్కకముందే మళ్లీ గాలి నింపాలి. దానికి బండిలో పెట్టుకునే చిన్న గాలి పంపు కొనుక్కోండి. అదే పంపుతో నెలకోసారి స్టెప్నీలోనూ గాలి చూసుకోవచ్చు.