ఒకేలా ఉంటే ఒకటేనా?

ఉద్యోగంలో చేరగానే కొత్త యాప్ రాయమంటారనుకుంటున్నారా? చాలాచోట్ల మొదట చెప్పే మాట ‘ఈ మార్పు కాస్త రివ్యూ చేయండి’ అనే. చిన్న పనే కదా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

చేరిన మొదటి ఏడాది. మా ప్రాజెక్టులో ధరను రూపాయల్లో చూపించే హెల్పర్ ఫంక్షన్లు మూడుండేవి. సరుకుల పేజీకి ఒకటి, బిల్లుకొకటి, రిపోర్టుకొకటి. ఎవరికి వారు రాసుకున్నవే. తోటి ఉద్యోగి మూడింటినీ కలిపి ఒక్కటి చేశాడు. కోడ్ తగ్గింది, టెస్టులన్నీ పాస్. ఐదు నిమిషాల్లో అప్రూవ్ కొట్టేశాను.

మర్నాడు, ఇంకా ధర ఖరారు కాని సరుకుల పక్కన గీత పోయి ‘రూ.0.00’ కనిపించింది. ఊరికే వస్తున్నాయనుకుని ఆర్డర్లు పెట్టేశారు! పాత ఫంక్షన్లలో ఒకటి విలువ లేకపోతే గీత చూపేది. కొత్తది దాన్ని నంబర్‌గా మార్చింది. జావాస్క్రిప్ట్‌లో నల్‌ని నంబర్‌గా మారిస్తే సున్నా వస్తుంది. ఆ సందర్భానికి టెస్టే లేదు. తప్పు అతను ఒక్కడిదే కాదు, నాది కూడా.

ఏమేం చూడాలి?

కామాలు: 1234567ను మనం 12,34,567 అని రాస్తాం. అమెరికా పద్ధతిలో అది 1,234,567. ఏ పద్ధతో కోడ్‌లో చెప్పకపోతే, జావాస్క్రిప్ట్ ఫార్మాటర్ అది నడిచే మెషీన్ సెట్టింగ్‌ని తీసుకుంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో ఒకలా, సర్వర్‌లో మరోలా కనిపించవచ్చు.

రౌండింగ్: 2.5ను రౌండ్ చేస్తే జావాస్క్రిప్ట్ 3 అంటుంది, పైథాన్ 2 అంటుంది. పైథాన్ సరిగ్గా సగం దగ్గర సరిసంఖ్య వైపు వెళ్తుంది. జావాస్క్రిప్ట్‌లో 1.005ను టూఫిక్స్‌డ్‌తో రెండు దశాంశాలకు కుదిస్తే వచ్చేది 1.00. బైనరీలో ఆ సంఖ్య కచ్చితంగా ఇమడదు, కాస్త తక్కువగా నిల్వ అవుతుంది.

అంచులు: సున్నా, రుణసంఖ్య, ఖాళీ విలువ. తేడాలు ఎక్కువగా దాక్కునేది ఇక్కడే.

అందుకే విలీనానికి ముందే పాత ఫంక్షన్లు ఒక్కోదానికీ ఇవే విలువలిచ్చి, ఏమొస్తుందో టెస్టులుగా రాసిపెట్టండి. తర్వాత కొత్తదాన్నీ అవే టెస్టులతో నడపండి. తేడా వస్తే అది పాత బగ్గా, కావాలని పెట్టుకున్నదా అని అడగండి. బగ్ అయితే దిద్దండి, కానీ శుభ్రం చేసే మార్పులో కలపకుండా విడిగా పంపండి.

ఇంటర్వ్యూలో ‘డ్రై’ సూత్రం గురించి అడుగుతుంటారు. 1999లో ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ రాసిన ‘ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్’ పుస్తకంతో ప్రచారంలోకి వచ్చిందిది. ‘ఒకే కోడ్ రెండుసార్లు రాయకూడదు’ అని చెప్పి ఊరుకోకండి. ఒకే విషయం రెండుచోట్ల ఉండకూడదన్నది దాని అసలు ఉద్దేశం. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు ఫంక్షన్లు వేర్వేరు అవసరాల కోసం పుట్టి ఉండొచ్చు. ఈ మాట ఒక ఉదాహరణతో చెప్పండి, మీరు కోడ్ నిజంగా చదివారని ఎదుటివారికి అర్థమవుతుంది.

ఇంకొకటి. ఫ్రెషర్‌ని, సీనియర్ కోడ్‌కి వంక పెట్టేదేంటని జంకకండి. ‘ఇది తప్పు’ అనక్కర్లేదు. ‘ఇక్కడ విలువ లేకపోతే ఏం కనిపిస్తుందండీ?’ అని అడిగితే చాలు. ఆ రోజు నేను అడగనిది ఆ ఒక్క ప్రశ్నే.