వేపచెట్టు ఇల్లు, టేకు కిటికీలు: పాత జెడ్డా ముచ్చట

వెనకటి రోజుల్లో హజ్ చేసివచ్చిన పెద్దలను కదిలిస్తే ముందుగా ఓడ కబుర్లే చెప్పేవారు. బొంబాయిలో ఓడ ఎక్కి, రోజుల తరబడి సముద్రం మీద గడిపి, జెడ్డా రేవులో దిగేవారు. 1995తో ఆ ఓడ ప్రయాణాలు ఆగిపోయాయి. ఇప్పుడు విమానం దిగి బస్సెక్కితే నేరుగా మక్కాయే. దాంతో దారిలోని పాత జెడ్డా, అంటే అల్-బలద్, మన హాజీల కంట పడడం తగ్గిపోయింది. అక్కడ కొలువు చేసే మనవాళ్లకు మాత్రం అది సెలవునాడు సరుకులు కొనుక్కునే బజారు.

హజ్రత్ ఉస్మాన్ (రజి) తమ ఖిలాఫత్ కాలంలో, క్రీ.శ. 647లో, మక్కాకు రేవుగా ఎంపిక చేసిన పట్టణమిది. ఇక్కడి పాత ఇళ్లను ఎర్ర సముద్రంలోని పగడపు రాతితో కట్టారు. రాతి వరుసల నడుమ అక్కడక్కడ కొయ్య దూలాలు అడ్డంగా పరిచి బరువును సమంగా పంచారు. వీధి వైపు చెక్కడపు పనితో పొడుచుకొచ్చిన పెద్ద కొయ్య కిటికీలుంటాయి. వాటి పేరు 'రోషన్'. మన ఇళ్లలోని రోషన్‌దాన్ గుర్తుకు రావడం లేదూ? లోపలి ఆడవారికి పరదా, ఇంటికి సముద్రపు గాలి. ఆ టేకులో కొంత మన దేశం నుంచి ఓడల్లో వెళ్లినదే!

అన్నింటిలోకి పేరున్నది 1881లో పూర్తయిన నసీఫ్ ఇల్లు. ఒంటెలు సామాను మోసుకుని పై అంతస్తులకు ఎక్కేలా మెట్లను ఎత్తు తక్కువగా కట్టించారంటారు. 1925లో జెడ్డాకు వచ్చిన అబ్దుల్ అజీజ్ రాజు బస చేసింది ఇందులోనే. వాకిట ఒక వేపచెట్టు ఉంది. చెట్లే అరుదైన ఆ ఊళ్లో దాన్నిబట్టే 'చెట్టున్న ఇల్లు' అని గుర్తు చెప్పేవారు.

1947లో ఊరి చుట్టూ ఉన్న గోడ పడగొట్టారు. చమురు డబ్బు వచ్చాక కలిగిన కుటుంబాలు కొత్త పేటలకు తరలిపోయాయి. పాత ఇళ్లలో గదికి ఇంతమంది చొప్పున పొట్టకూటికి వచ్చిన పరదేశులు చేరారు. పగడపు రాయి మెత్తన. ఉప్పుగాలికి పొడిరాలుతుంది. సున్నం పూత ఎప్పటికప్పుడు వేస్తుండాలి. సున్నానికి బదులు సిమెంటు పూస్తే తేమ లోపలే నిలిచి గోడ గుల్లవుతుంది. పైగా ఒక్కో ఇంటికి ఎందరో వారసులు, కొన్నేమో వక్ఫ్ ఆస్తులు. మరమ్మతు ఖర్చు ఎవరు పెట్టాలి? ఈ తగవు మన ఊళ్లలోనూ తెలిసినదే.

2014లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2019లో 56 ఇళ్లను నిలబెట్టేందుకు 5 కోట్ల రియాళ్లు కేటాయించారు. 2021లో ఇంకా పెద్ద పథకం మొదలైంది. 600కు పైగా పాత కట్టడాలు, 36 చారిత్రక మసీదులు దాని లెక్కలో ఉన్నాయి.

పని మంచిదే, సందేహం లేదు. అయితే బాగైన ఇళ్లలో కొన్ని హోటళ్లయ్యాయి. కూలిపోయే గోడల మధ్య ఇన్నేళ్లూ దీపం పెట్టిన పేదలకు ఆ హోటల్లో ఒక రాత్రి అద్దె అందుతుందా?

ఉమ్రాకు వెళ్లి జెడ్డాలో ఒక పూట చిక్కినవారు అసర్ తర్వాత అటు వెళ్లి చూడండి. ఎండ తగ్గి, దుకాణాలు తెరిచి, రోషన్ల నీడలు సందుల్లో పొడుగ్గా పరుచుకునే వేళ అది. వేపచెట్టు కిందే నిలబడవచ్చు.