బొగ్గుల కొట్టులో గుణశ్రేఢి

సెలవుల్లో ఇంటికి రంగులు వేయిస్తున్నారంటే, నా గదికి నాలుగు గోడలూ ముదురు నీలం కావాలన్నాను. ఫోన్‌లో చూసిన ఫొటోల మహిమ! "అదేం గదిరా, బొగ్గుల కొట్టా?" అంది అమ్మ. ఆ మాటలో ఎంత ఫిజిక్స్ ఉందో లెక్కేశాక తెలిసింది.

రంగులకి ఎల్‌ఆర్‌వీ అని ఒక అంకె ఉంటుంది. గోడ మీద పడిన వెలుగులో నూటికి ఎంత తిరిగొస్తుందో చెప్పే అంకె అది. తెల్లగోడకి 80, ముదురు నీలానికి 10 అనుకోండి. తేడా ఎనిమిది రెట్లే అనిపిస్తుంది గానీ, వెలుగు ఒక గోడకి తగిలి అక్కడే ఆగదు కదా. గోడ నుంచి గోడకి తిరుగుతూనే ఉంటుంది. తెల్లగదిలో 100, 80, 64... ఇంటర్‌లో చదివిన గుణశ్రేఢే! అన్నీ కలిపితే 500. నీలం గదిలో 100, 10, 1... కలిపితే 111 మాత్రమే. సీలింగ్, నేల కూడా అదే రంగైతే, అదే బల్బుకి నాలుగో వంతు వెలుగు కూడా మిగలదన్నమాట. రాత్రి రికార్డు రాసుకోవాలంటే కళ్లు పోతాయి.

సరే, సీలింగ్ తెల్లగా ఉంచి, మంచం వెనక గోడ ఒక్కటే ముదురుగా వేద్దామనుకున్నాను. ఇక్కడ ఇంకో చిక్కు. 2700 కెల్విన్ పసుపు బల్బు వెలుగులో నీలం పాలు తక్కువ. దాని కింద నీలం గోడ నల్లగా చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. మెరూన్, ఇటుక రంగు అయితే నిండుగా వెలుగుతాయి. కాబట్టి రంగుతో పాటే బల్బునీ ఎంచుకోవాలి. షాపులో ట్యూబ్‌లైట్ కింద చూసి ఓకే అనేస్తే అంతే సంగతులు.

బాత్రూమ్‌ని ఆనుకున్న గోడ జోలికి మాత్రం వెళ్లకండి. చెమ్మకి పైకొచ్చే ఉప్పు తెల్లగోడ మీద కనబడదు, ముదురు గోడ మీద దాగదు.

చివరికి మెరూన్‌కి అమ్మ ఒప్పుకుంది. స్విచ్‌బోర్డు ఉన్న గోడకి మాత్రం వద్దంది, చేతి మరకలు పడతాయని.