పురుగు పోతే పేనుకు పండుగ



హైదరాబాదులో అబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ అనే పేట ఉన్నది. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండు పద్దెనిమిదవ శతాబ్దం చివర అక్కడ ఫిరంగులు పోత పోయించాడు. అటువంటి కార్ఖానా ఒకటి మీ పత్తి మొక్కలోనూ ఉన్నదంటే నవ్వకండి.

పత్తి ఆకును వెలుతురుకెత్తి చూడండి. నల్లని చుక్కలు కనిపిస్తాయి. అవి గాసిపాల్ వంటి విషపు రసాలు నిండిన తిత్తులు. శాస్త్రజ్ఞులు ఈ రసాలను టెర్పినాయిడ్లంటారు. ఇవి మొక్కలో ఎప్పుడూ కొంత ఉంటాయి. గొంగళిపురుగు ఆకు కొరికిందా, కొత్తగా వేసే లేత ఆకులలో మొక్క వీటిని మరింతగా నింపుతుంది. శత్రువు వచ్చిన తరువాతనే కార్ఖానా జోరందుకుంటుందన్న మాట.

పురుగు కోసం కూర్చిన ఈ మందుగుండు, రసం పీల్చే పేనుబంకకు కూడా తగులుతుంది. ఆ రెండూ ఎదురుపడకుండానే, మొక్క ద్వారా ఒకటి మరొకదానికి అడ్డు తగులుతున్నది.

ఇక బి.టి. పత్తి సంగతి. మన దేశంలో దీని సాగుకు 2002లో అనుమతి వచ్చింది. దీనిని కొరికిన శనగపచ్చ పురుగు చిన్నతనంలోనే చస్తుంది. ఆకుకు గాయం తక్కువ, కాబట్టి కార్ఖానా కూడా మందగిస్తుంది. 2013లో వెలువడిన ఒక పరిశోధనలో, గాజు ఇంటిలో పెంచిన ఇటువంటి మొక్కలపై పేనుబంక బాగా వృద్ధి అయింది. పొలంలో మాత్రం లెక్క అంత తేటగా తేలలేదు. కొన్ని రోజులలో బి.టి. పత్తిపై పేను ఎక్కువే కనిపించినా, అది ఆకులోని రసాల కొలతతో సరిపోలలేదు.

“అయితే పురుగును ఉండనిద్దామా?” అని అడుగుతారేమో. వద్దు. కాయను తొలిచే పురుగు చేసే నష్టం ఎక్కువ. పైగా గులాబీరంగు పురుగు బి.టి.ని తట్టుకోవడం నేర్చింది. చెప్పవచ్చినది ఒక్కటే: బి.టి. విత్తనం వేశాము గదా అని చేను చూడటం మానవద్దు.

వారానికొకసారి చేలో నాలుగు మూలలా, నడుమా మొక్కలను పట్టి, ఆకుల అడుగుభాగం తిప్పి చూడవలెను. జిగురు, నల్లని మసి కనబడితే పేను ముదిరినట్లే. యూరియా అతిగా వేస్తే ఆకు మెత్తబడి పేనుకు విందవుతుంది. పేను తక్కువగా ఉండి అక్షింతల పురుగులు తిరుగుతూంటే మందు కొట్టడానికి తొందరపడకండి. అవి మీ తరపున పనిచేస్తున్న కూలీలు, జీతం అడగరు!