పుర్రచేతి వాడికో పాత రైఫిల్

"నేను రైఫిల్ కొంటున్నా" అని చెప్పినప్పుడు మా ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని ములక్కాడలు కోస్తోంది. చెయ్యి ఆగిపోయింది. "రిటైరయ్యాక మోకాళ్ల నొప్పులొస్తాయని విన్నాను గానీ, ఇదేం జబ్బండీ?" అంది.

ఆవిడ కోపంలో న్యాయం ఉంది. నా దగ్గరున్న డెబ్భై వేలూ డాబా మీద రేకుల షెడ్డు వేయిద్దామని దాచుకున్నవి. వానాకాలం బట్టలారక ఆవిడ పడే అవస్థ నాకు తెలియనిది కాదు. కానీ ఆర్నెల్లుగా హైదరాబాద్‌లో మా ఇంటి దగ్గరి క్లబ్బులో ఆదివారాలు అద్దె రైఫిల్‌తో కాలుస్తున్నా. గురి చూసిన ఆ నాలుగు క్షణాలు పెన్షనూ, షుగరూ, ఏవీ గుర్తుండవు. అది వదులుకోవడం నా వల్ల కాలేదు.

ఇది పిట్టల తుపాకీ కాదని ముందే చెప్పాలి. మా వీధిలో ఒకాయన "కోతుల్ని బెదిరించొచ్చా?" అని అడిగాడు. వద్దు మహానుభావా! ఇది పది మీటర్ల దూరంలో అట్టముక్క మీద కాల్చడానికే. ఆ అట్ట మీది నల్లటి వృత్తం 30.5 మిల్లీమీటర్లు, మధ్యలో పదో నంబరు చుక్క అర మిల్లీమీటరు. మన గుండు చూస్తే 4.5 మిల్లీమీటర్లు! 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారం కొట్టింది, 2012 లండన్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది ఈ ఆటలోనే. 0.177 అంగుళాల గొట్టం ఉండి, శక్తి 20 జౌళ్లు దాటకపోతే లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ రైఫిల్ శక్తి ఏడున్నర జౌళ్ల చుట్టుపక్కలే. అయితే మంచివన్నీ విదేశీ సరుకు. కొత్తది లక్షల మాట. అందుకే నాలాంటివాళ్లకి సెకండ్ హ్యాండే దిక్కు.

మొదటి బేరం ఒక మధ్యవర్తి తెచ్చాడు. సిలిండర్‌లో గాలి నింపుకుని కాల్చే రకం. ఇప్పుడు పోటీల్లో అందరూ వాడేది ఇదే. తళతళలాడుతోంది, ధర అరవై ఐదు వేలు. నేను ఫోన్‌లోనే డబ్బు పంపేయబోతుంటే, మా క్లబ్బులో ఇంటర్ చదివే అమ్మాయి "అంకుల్, సిలిండర్ మీద తేదీ చూశారా?" అంది. కళ్లజోడు పెట్టుకుని చూస్తే 2011. ఈ సిలిండర్లకి తయారీ నుంచి పదేళ్లే ఆయుష్షు. ఆపైన అందులో రెండు వందల బార్ల గాలి నింపి చెంప కింద పెట్టుకోవడం తెలివైన పని కాదు. కొత్త సిలిండరూ, గాలి పంపూ కలిపి లెక్కేస్తే నా షెడ్డుతో పాటు స్తంభాలు కూడా ఎగిరిపోయేలా ఉన్నాయి. దిగుమతి కాగితాలు అడిగితే మధ్యవర్తి "అవన్నీ ఎందుకు సార్" అన్నాడు. అక్కడితో ఆ బేరానికి దండం పెట్టా. ఎవరి పేరున దేశంలోకి వచ్చిందో చెప్పలేని వస్తువుని ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు.

రెండోది లివర్‌ని ఒక్కసారి తిప్పి నొక్కితే గాలి నిండే రకం. సిలిండర్ గొడవ లేదు. దీనికొక చిన్న పరీక్ష ఉంది. వెంటనే ఒక గుండు కాల్చి, మళ్లీ లివర్ నొక్కి రెండు నిమిషాలు ఆగి ఇంకో గుండు కాల్చాలి. రెండోది బాగా కిందకి దిగితే లోపల గాలి కారుతున్నట్టు. ఇది పాసైంది. ఫెయిలైంది నేనే. నాది పుర్రచెయ్యి. బడిలో ఎడమచేత్తో రాస్తే పంతులుగారు వేళ్ల మీద కొట్టేవారు. రైఫిల్ చెక్క కుడిచేతి వాళ్లకి చెక్కింది. చెంప ఆనాల్సిన చోట నాకు బోలుగా ఉంది. "అలవాటైపోతుంది సార్" అన్నాడు యజమాని. బడిలోనూ ఇదే మాట చెప్పారు.

ఇంతలో మా కోచ్ కబురు పెట్టారు. తెలిసినవాళ్లింట్లో బీరువా పక్కన ఒక ఫైన్‌వెర్క్‌బావ్ 300ఎస్ ఏళ్ల తరబడి పడి ఉందట. పశ్చిమ జర్మనీ ఉన్న రోజుల నాటిది. స్ప్రింగుతో పనిచేస్తుంది, కానీ కాల్చినప్పుడు గొట్టం, యంత్రం రెండూ చెక్కలో పట్టాల మీద వెనక్కి జారతాయి. ఆ కుదుపు భుజానికి తగలదు. చేత్తో ఎత్తితే ఐదు కిలోల దాకా ఉంది. ఇన్నాళ్లూ ఎందుకు అమ్ముడుపోలేదంటే, అది ఎడమచేతి చెక్క! చూడ్డానికి వచ్చిన ప్రతివాడూ తిప్పి పెట్టేసి వెళ్లిపోయాడట. చెంప ఆనించానో లేదో, కంటికెదురుగా రంధ్రం సరిగ్గా కుదిరింది.

అప్పటికి కాస్త బుద్ధొచ్చింది కాబట్టి వెంటనే జేబులో చెయ్యి పెట్టలేదు. కాగితాలు చూశా. వెనక డయాప్టర్ సైటు ఉందా, దాని మరలు తిప్పితే క్లిక్కులు పడుతున్నాయా చూశా. అది లేని రైఫిల్ చవగ్గా దొరికినా, విడిగా కొనేసరికి తడిసి మోపెడవుతుంది. ముందు సైటులో వేసే రింగుల డబ్బా లేదు, ధర తగ్గించమన్నా. తర్వాత క్లబ్బుకి తెచ్చి, ఇసుక సంచి మీద ఆనించి, ముఖం చదునుగా ఉండే గుళ్లు ఐదు కాల్చాం. అట్ట మీద రూపాయి బిళ్లంత వెడల్పున చెదిరాయి, అన్నీ కిందకే. నా మొహం వాడిపోయింది. కోచ్ నవ్వి "వయసు సార్, ఇంకేం లేదు. లోపలి సీళ్లు ఎండి పిండిలా రాలిపోయుంటాయి. గొట్టం మాత్రం అద్దంలా ఉంది" అన్నారు. సీళ్లు మార్చొచ్చు, పాడైన గొట్టాన్ని బాగుచేసుకోలేం. ఇవన్నీ చెప్పి బేరమాడితే నలభై ఎనిమిది వేలకి ఇచ్చారు.

సీళ్లు దొరికి, బిగించేసరికి నెల పట్టింది, మరో ఐదు వేలు అయ్యాయి. మళ్లీ ఇసుక సంచి మీద ఐదు గుళ్లు కాలిస్తే ఒకే చిల్లు, చిటికెన వేలి గోరు కింద దాక్కునేంత. ఆ రోజు రాత్రి అన్నం సయించలేదు, సంతోషంతో.

నిలబడి కాలిస్తే ఆ చిల్లు ఊరంతా తిరుగుతుందనుకోండి. అది రైఫిల్ తప్పు కాదు. మొన్న యాభైకి ముప్పై ఎనిమిది వచ్చాయి. ఆ అట్ట తెచ్చి మా ఆవిడకి చూపించా. సీసం అంటిన చేతులు సబ్బుతో కడిగాకే వంటింట్లోకి రమ్మంది ముందు. తర్వాత అట్టని వెలుతురుకి పెట్టి చూసి, "అన్నీ ఎడమవైపే పోయాయేంటండీ?" అంది. షెడ్డు సంగతి మాత్రం మర్చిపోలేదు. మిగిలిన పదిహేడు వేలకి ఎన్ని రేకులొస్తాయో కనుక్కోమని రేపు నన్నే పంపిస్తోంది.